స్టేషనుకు నడిచి వెళ్ళే దూరం: జనగామ, మానుకోట, భూపాలపల్లి

రైల్వే స్టేషనుకు నడిచి వెళ్ళగలిగిన దూరంలో, మరీ ఆకాశాన్నంటే భవనాలు కాకుండా, రెండు మూడంతస్తుల ఇళ్ళు వరుసగా కట్టి ఎక్కువ కుటుంబాలకు చోటు కల్పించాలన్నది నేటి నగర ప్రణాళికా నిపుణులకు చాలా ఇష్టమైన ఆలోచన. 2017లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన విధానపత్రం స్టేషను నుంచి 500 - 800 మీటర్ల లోపలి ప్రాంతాన్ని ఇందుకు అనువైనదిగా లెక్కగట్టింది. అదే ఏడాది నవంబరులో హైదరాబాదు మెట్రో నడక మొదలైంది కనుక, ఈ చర్చ మనదాకా కూడా వచ్చింది.

అయితే ఈ ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. పాత వరంగల్ జిల్లాలోనే దీనికి నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఒక విచిత్రమూ ఉంది. జనగామకూ, మహబూబాబాదుకూ రైలు వచ్చింది గాని ఇళ్ళ ప్రణాళిక రాలేదు. భూపాలపల్లికి ప్రణాళికతో కట్టిన ఇళ్ళు వచ్చాయి గాని రైలు రాలేదు. ఇలా ఎందుకు జరిగిందో కాస్త వెనక్కి వెళ్ళి చూద్దాం.

నిజాం రాజ్యంలో తొలి రైలుమార్గం 1874లో వాడి నుంచి సికింద్రాబాదు వరకు పడింది. దాన్ని తూర్పుకు పొడిగించాలన్న ప్రతిపాదన రాగానే హైదరాబాదులో పెద్ద దుమారం రేగింది. చందా రైల్వే పథకంగా పేరుపడిన ఆ ఒప్పందం వివరాలు ప్రజల ముందు పెట్టాలని అడిగినందుకు, 1883లో సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయను నగరం నుంచే వెళ్ళగొట్టారు. హైదరాబాదు రాజ్యంలో ఆధునిక ప్రజాభిప్రాయానికి తొలి అడుగుగా చరిత్రకారులు దీన్ని చెబుతారు. పథకం మాత్రం ఆగలేదు. పెట్టుబడిపై వడ్డీకి నిజాం ప్రభుత్వం హామీ ఇచ్చింది గనుక కంపెనీ పేరులోనే 'గ్యారంటీడ్' అన్న మాట చేరింది. పట్టాలు 1886లో వరంగల్లుకు, 1888లో డోర్నకల్ మీదుగా ఇల్లెందు బొగ్గుగనులకు, 1889లో బెజవాడకు చేరాయి. విలియం కింగ్ ఇల్లెందులో బొగ్గును గుర్తించింది 1871లో. ఈ సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. రైలు ప్రధానంగా బొగ్గు కోసమూ, సరుకు కోసమూ వచ్చింది. దారిలోని ఊళ్ళు దానికి దారిలోనివే.

జనగామ అలాంటి ఊరే. ఆరవ నిజాం పేరు మోసే మహబూబాబాదు, అంటే జనం నోట మానుకోట, అదీ అలాంటిదే. 1883నాటి వాదంలో అప్పెంత, వడ్డీ ఎంత, లాభం ఎవరికి అన్న ప్రశ్నలు వినబడ్డాయి. స్టేషను చుట్టూ ఎవరు ఉండాలి, ఎలా ఉండాలి అన్న ప్రశ్న లేదు. ఆ జవాబును వ్యాపారమే చెప్పుకుంది. సరుకు దిగే చోటికి దగ్గరగా గోదాములు, గిర్నీలు, దుకాణాలు లేచాయి. వాటి వెనుక సందుల్లో కిరాయి ఇళ్ళు పుట్టాయి. కింద మడిగె, పైన కాపురం అన్న పద్ధతి మన బజారు వీధులకు కొత్త కాదు. గోడకు గోడ ఆనించి, రెండంతస్తుల్లో, వీధిని ఆనుకుని కట్టిన ఆ వరుసలనే నేటి నిపుణులు 'మధ్యస్థ సాంద్రత' అంటున్నారు. దాన్ని మన బజార్లు పేరు లేకుండానే పాటించాయి. కాని మురుగు కాలువ, నీళ్ళు, వెలుతురు మాత్రం ఎవరి బాధ్యతా కాలేదు.

అదే కాలంలో, అదే పట్టాల పక్కన ఒక ప్రణాళిక మాత్రం పక్కాగా అమలైంది. అది రైల్వే వారి సొంత కాలనీ. కాజీపేట, డోర్నకల్ వంటి జంక్షన్లలో డ్రైవర్లకు, గార్డులకు, ఫైర్‌మెన్లకు స్టేషనుకు కూతవేటు దూరంలో క్వార్టర్లు కట్టారు. వేళ కాని వేళ బండి ఎక్కవలసిన సిబ్బందిని ఇంటికి వెళ్ళి లేపి తీసుకురావడానికి రైల్వేలో 'కాల్ బాయ్' అనే ఉద్యోగమే ఉండేది. మనిషి దూరంగా ఉంటే బండి ఆలస్యమవుతుంది. కాబట్టి ఇంటికీ స్టేషనుకూ మధ్య దూరాన్ని రైల్వే కొలిచింది, తన మనుషుల వరకే.

ఊరి జనం కోసం ఆ పని చేసిన సంస్థలూ లేకపోలేదు. 1896లో ప్లేగు వచ్చి బొంబాయి తల్లడిల్లాక, 1898లో అక్కడ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది. అది దాదర్, మాటుంగా ప్రాంతాల్లో వీధులు గీసి, ఇళ్ళ మధ్య ఖాళీలు వదిలి, తక్కువ అంతస్తుల ఇళ్ళతో పేటలు వేసింది. లోకల్ రైలు పక్కనే ఉండడం వల్ల అవి మధ్యతరగతికి ఆశ్రయమయ్యాయి. హైదరాబాదులో 1908 మూసీ వరద తరువాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. ఇరుకు పేటలు తొలగించి, రోడ్లు వెడల్పు చేసి, సామాన్యులకు ఇళ్ళు కట్టింది. అయితే ఆ బోర్డు పని రాజధానికే పరిమితం. జనగామకూ మానుకోటకూ అలాంటి బోర్డు దక్కలేదు. 1932లో నిజాం రైల్వే తానే బస్సులు కూడా నడపడం మొదలుపెట్టింది. రైలూ బస్సూ ఒకే చేతిలో ఉన్న ఆ కాలం ప్రణాళికకు మంచి అదనే. 1951లో రోడ్డు రవాణా రైల్వే నుంచి విడిపోవడంతో ఆ అదనూ పోయింది.

ఇక భూపాలపల్లి. ఇక్కడికి బొగ్గే నేరుగా ఊరిని తెచ్చింది. సింగరేణి సంస్థ కాకతీయ ఖని గనులను తెరిచాక అడవి అంచునున్న పల్లె పట్టణమైంది. గని కూడా రైలు లాంటిదే. షిఫ్టు వేళకు మనిషి అక్కడ ఉండాలి. అందుకే సంస్థ క్వార్టర్లు కట్టింది. 2023 ఫిబ్రవరిలో రామప్ప కాలనీ పేరుతో సుమారు వెయ్యి కొత్త క్వార్టర్లు ప్రారంభించింది. బహుళ అంతస్తులు, రోడ్లు, నీళ్ళు, అన్నీ ముందే గీసుకున్నవి. కాని రైలెక్కాలంటే 60 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వరంగల్లు చేరాలి. పైగా క్వార్టరు ఉద్యోగంతోనే వస్తుంది, ఉద్యోగంతోనే పోతుంది. గనికి సంబంధంలేని కూలికీ చిరువ్యాపారికీ అందులో చోటు లేదు.

ఈ మూడు ఊళ్ళనూ కలిపి చూస్తే నాకు తోచేది ఇది. నడక దూరంలో ఇల్లు అన్న సూత్రం మన పెద్దలకు తెలియక కాదు. మనిషి వేళకు రాకపోతే నష్టపోయే యజమాని ఉన్నచోట అది అమలైంది. ప్రయాణికుడు వేళకు చేరకపోతే నష్టం ప్రయాణికుడిదే కాబట్టి, అతని ఇంటి గురించి ఎవరూ ఆలోచించలేదు.

ఆ నష్టం ఇప్పటికీ కొనసాగుతున్నది. 2016 అక్టోబరు 11న ఈ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. ఉద్యోగాలు, కార్యాలయాలు పెరిగాయి. జనగామలో 2022లో, మహబూబాబాదులో 2023లో కొత్త కలెక్టరేట్లు తెరిచారు. వాటిని పాత బజారుకు ఎడంగా, విశాలమైన స్థలాల్లో కట్టారు. పొలాలు ప్లాట్లయ్యాయి. జనగామ నుంచి సికింద్రాబాదు రైలులో సుమారు 85 కిలోమీటర్లు. రోజూ పోయి వచ్చేవారికి ఇది భరించదగిన దూరమే. కాని ఊరి చివరి ప్లాటు నుంచి స్టేషనుకు రావడానికి మోటారు సైకిలో ఆటోనో తప్పనిసరి. చవకగా దొరికిన జాగా ఖరీదు ప్రతి ఉదయం కొంచెం కొంచెంగా చెల్లించక తప్పదు.

మరి స్టేషను పక్కనే రెండు మూడంతస్తులు వేసుకోవచ్చు గదా అంటే, 2012నాటి భవన నిర్మాణ నియమాలు ఎత్తును స్థలం విస్తీర్ణంతోనూ, ఎదుటి రోడ్డు వెడల్పుతోనూ ముడిపెట్టాయి. పాత బజారులో ఈ రెండూ తక్కువే. ఇంటికి స్టేషను ఎంత దూరమన్నది ఆ లెక్కలోకే రాదు. 2023 ఆగస్టు 6న దేశంలో 508 స్టేషన్ల పునర్నిర్మాణానికి శంకుస్థాపన జరిగినప్పుడు వాటిలో జనగామ, మహబూబాబాదు కూడా ఉన్నాయి. స్టేషను భవనానికి నమూనా గీశారు, సంతోషమే. గేటు దాటి అవతలి వీధికి నమూనా ఎవరు గీయాలి?

రామగుండం నుంచి మణుగూరుకు భూపాలపల్లి ప్రాంతం మీదుగా సుమారు 200 కిలోమీటర్ల రైలుమార్గం ప్రతిపాదన దశాబ్దాలుగా నలుగుతున్నది. ఆ రైలు ఎప్పుడు వచ్చినా, స్టేషను ఎక్కడో ముందు నిర్ణయమవుతుంది. ఆ మరునాటి నుంచి చుట్టుపక్కల భూమి చేతులు మారుతుంది. 1886లో జనగామకు దొరకని అవకాశం భూపాలపల్లికి ఇంకా మిగిలే ఉంది. పట్టాలు పడకముందే ఆ అరకిలోమీటరు మేర వీధులు, కాలువలు, కిరాయిదారు కూడా ఉండగల చిన్న ఇళ్ళకు చోటు గీసి పెట్టుకోవచ్చు. గీసుకోకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి వేరే పుస్తకాలు తిరగేయనక్కరలేదు, జనగామలో బండి దిగి బజారుదాకా నడిస్తే చాలు.

మీ ఊరి స్టేషను చుట్టూ మొదట ఎవరు ఇళ్ళు కట్టుకున్నారో, ఇప్పుడు అక్కడ ఎవరుంటున్నారో తెలిసిన మిత్రులు రాస్తే చదవాలని ఉంది. ఇలాంటి చరిత్ర గెజిటీర్లలో తక్కువ, పెద్దవాళ్ళ జ్ఞాపకాల్లో ఎక్కువ.