కాలువలో పడవ, రోడ్డుపై బస్సు

బెజవాడలో బందరు కాలువ ఉన్నది; బందరు రోడ్డు ఉన్నది. రెండును ఒకే రేవుపట్టణము పేరు ధరించినవి. ఒక తరము వారు కాలువపై పయనించిరి. తరువాతి వారు రోడ్డు పట్టిరి. ఆ రెండు కాలముల వాహనములను, అనగా పడవను, తొలినాటి మోటారు బస్సును, ప్రక్కప్రక్కన నిలిపి చూడనెంచినాము.

1852లో మొదలై 1855లో ముగిసిన కృష్ణ ఆనకట్ట పొలములకు నీరిచ్చుటతో ఆగలేదు. ఆ నీరు పారు కాలువలే బాటలైనవి. ఏలూరు కాలువ మీదుగా గోదావరి డెల్టాకును, కొమ్మమూరు, బకింగ్‌హామ్ కాలువల మీదుగా మద్రాసుకును పడవలు నడచినవి. గాలి అనుకూలించిన తెరచాప ఎత్తెడివారు. లేనినాడు కళాసీలు గట్టు వెంట నడచుచు త్రాటితో లాగెడివారు. లాకు వద్ద రెండు తలుపుల నడుమ పడవను నిలిపి, నీటిమట్టము సమమగుదాక వేచియుండెడివారు. ఒక బళ్ళబారు మోయు ధాన్యమును కొద్దిమంది మనుష్యులే కదలింపగలిగిరి. రైలుకంటె జలమార్గము చౌక యని ఆర్థర్ కాటన్ పట్టుదలతో వాదించుటకు కారణమిదియే.

రైలు వచ్చిన పిమ్మటను పడవ నిలిచినది. రైలు స్టేషనుకే పోవును. పడవ ఊరి రేవుకు వచ్చును. ఆ సౌకర్యమును బస్సు తీసికొన్నది. అందును బొగ్గు బస్సును పెద్దలు మరువలేరు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలు కరవుకాగా, బస్సు వెనుక కొలిమి వంటిది అమర్చి, అందు బొగ్గును రాజవేసి, పుట్టిన వాయువుతో ఇంజను నడిపిరి. బయలుదేరుటకు ముందు పిడి త్రిప్పి నిప్పు రగుల్చుటయే ఒక పెద్ద పని.

ఈ రెండింటిని తూచినచో మొదట పడవదే పైచేయిగా తోచును. పొగ లేదు, ఇంధనపు ఖర్చు లేదు, బరువునకు జంకు లేదు. కాని వేసవిలో కాలువలు కట్టివేసినంతనే పడవ రేవున నిలిచిపోవును. బస్సుకు ఆ కట్టడి లేదు. పురిటినొప్పులు పడు స్త్రీని ఆసుపత్రికి చేర్చువారు చౌక చూడరు, గడియారము చూతురు. పడవ అక్కడ ఓడినది.

పడవ ప్రయాణము హాయి యని తలపోయునపుడు, త్రాడు ఎవరి భుజముపై ఉండెనో మేము మరువరాదు. ఆ త్రాడు దిగినందుకు సంతోషింపవలసినదే. దానితోపాటు కళాసీల కూలియు పోయినది.

కాకినాడ నుండి పుదుచ్చేరి వరకు గల కాలువలను, కృష్ణా గోదావరుల కొన్ని భాగములను కలిపి 2008లో 4వ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. ప్రకటన మాత్రమున పడవ నడవదు. కాలువకు లోతు కావలెను, లాకులు పనిచేయవలెను, చెత్త పడని నీరు కావలెను. పడవ మరల వచ్చినను రాకున్నను ఆ నీరు పొలమునకు పోవునదే. బస్సు కిటికీలోనుండి కాలువను చూచువారు, అది ఒకనాడు తమ తాతలు నడచిన రహదారి యని పిల్లలకు చెప్పినచో, అందు చెత్త వేయు చేయి కొంత వెనుకాడునని మా ఆశ.