ముందు చెప్పమన్నావుగా

2009 జనవరి 7, బుధవారం. మాదాపూర్‌లో సత్యం ఆఫీసు. టీ తాగి సీటు దగ్గరికి వస్తారు మీరు. ఫ్లోరంతా లేచి నిలబడి ఉంది. ఒకే మానిటర్ మీదికి పది తలలు వంగి ఉన్నాయి.

"అన్నా, ఛైర్మన్ గారి లెటర్ చూశావా?"

మీరూ వంగుతారు. రామలింగరాజు బోర్డుకు రాసిన ఉత్తరం. లెక్కల్లో చూపిన నగదు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేనే లేవట. మళ్లీ చదువుతారు. అంకె మారదు. నిన్న 179 రూపాయల దగ్గరున్న సత్యం షేరు కళ్లముందే జారిపోతోంది. సాయంత్రానికి 40 కూడా నిలవదు.

జేబులో ఫోను మోగుతుంది. నాన్న. "ఏరా, టీవీలో మీ కంపెనీ గురించి ఏదో చెప్తున్నారు?" పెట్టేయగానే మరో కాల్. కన్సల్టెన్సీ వాళ్లు. వాసన ఎంత తొందరగా పట్టారో! "మీరొక్కరే కాదు సార్, టీమంతా వచ్చినా తీసుకుంటారు."

కంపెనీలో 53 వేల మంది. మీ టీమ్‌లో పన్నెండు మంది. పైనుంచి మేనేజర్ మాట ఒక్కటే: "ఏం కాలేదని చెప్పు, పని చేసుకోమను."

ఏం కాలేదా? వాళ్ల చేతుల్లో ఆ ఉత్తరం ఉంది.

"అన్నా, జీతం వస్తుందా?"

అందరూ మీవైపే చూస్తున్నారు. గొంతు ఎండుతుంది. వస్తుందంటే అబద్ధం. రాదన్నా అబద్ధమే.

"తెలీదు," అంటారు. "తెలిసిన రోజే చెప్తా. వెళ్లాలనుకుంటే ఆపను. ముందు నాకు చెప్పండి, చాలు."

రాత్రి ఏడున్నర. అమెరికా క్లయింట్ లైన్లో ఉన్నాడు. ఒకటే ప్రశ్న. సోమవారం మీ వాళ్లుంటారా? స్పీకర్ ఆన్‌లో ఉంది. పన్నెండు మందీ వింటున్నారు. మ్యూట్ నొక్కుతారు. తలెత్తుతారు. ఒక చెయ్యి లేస్తుంది. ఇంకొకటి. ఆరు. తొమ్మిది. మ్యూట్ తీస్తారు.

"తొమ్మిది మంది ఉంటారు."

తర్వాతి రోజులు పరుగే. ప్రభుత్వం పాత బోర్డును రద్దు చేస్తుంది. ఆదివారం కొత్త బోర్డుకు దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, అచ్యుతన్‌ల పేర్లు వస్తాయి. ఫిబ్రవరి 5న ఏ.ఎస్. మూర్తి సీఈఓ అవుతారు. బయటివాడు కాదు, 1994 నుంచీ ఇక్కడే ఉన్న మనిషి. ఫ్లోరు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది, ఆయన కష్టాలు తీర్చేశారని కాదు, మన భాష తెలిసినవాడని.

అంతకుముందే, జనవరి జీతం ఖాతాలో పడిన సాయంత్రం, అందరికంటే ముందు చెయ్యెత్తిన కుర్రాడు మీ డెస్కు దగ్గరికి వస్తాడు. చేతిలో కవరు.

"ముందు చెప్పమన్నావుగా అన్నా."

కుర్చీ లాగుతారు. "కూర్చో. నీ మాడ్యూల్ ఎవరికిద్దాం?"