చనిపోయిన సూక్ష్మజీవులు పేగును కాపాడగలవా?

1908లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని ఇద్దరు పంచుకొన్నారు. ఒకరు జర్మనీకి చెందిన పాల్ ఎర్లిక్. ‘కీమోథెరపీ’ అన్న మాటను పుట్టించినవారు ఆయనే. అప్పట్లో అది అంటురోగాల చికిత్సకు పెట్టిన పేరు, క్యాన్సర్‌కు తరువాత అన్వయించింది. రెండవవారు పారిస్‌లోని పాస్టర్ సంస్థలో పనిచేసిన మెచ్నికోవ్. బల్గేరియా ప్రజలు తాగే పులిసిన పాలలోని బాక్టీరియా ఆయుష్షును పెంచుతుందని నమ్మి ప్రచారం చేసినవారు ఆయన. బహుమతి వచ్చింది ఆ పాలకు కాదు, రోగనిరోధక శక్తి మీద వారిద్దరూ చేసిన కృషికి. అయినా నేటి మన విషయపు రెండు కొసలూ ఆ బహుమతిలోనే ముడిపడి ఉన్నాయి.

అంతకు ఒక ఏడాది ముందే, 1907లో, ఫ్రాన్సులో పియర్ బుకార్ అనే వైద్యుడు లాక్టోబాసిల్లస్‌తో ‘లాక్టియోల్’ అనే ఔషధాన్ని రూపొందించారు. కాలక్రమేణా దానిని వేడితో చంపిన బాక్టీరియాతో తయారు చేయసాగారు. బతికి లేని సూక్ష్మజీవి పిల్లల విరేచనాలకు మందుగా నిలవడం వింతగా తోచవచ్చు. టీకాల చరిత్ర తెలిసినవారికి అది వింత కాదు: కణం చనిపోయినా దాని గోడలోని పదార్థాలను మన రోగనిరోధక వ్యవస్థ గుర్తుపడుతుంది.

ఇక కీమోథెరపీ సంగతి. మన పేగు లోపలి పొర కొద్ది రోజులకొకసారి తనను తాను పునర్నిర్మించుకొంటుంది. వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీసే మందు క్యాన్సర్ కణాన్నీ, పేగు కణాన్నీ వేరుచేసి చూడలేదు. 1957లో వెలువడిన 5-ఫ్లోరోయురాసిల్‌తో నోటిపూత, విరేచనాలు కలిగేది ఇందుకే. ఇరినోటెకాన్ కథ ఇంకా చిత్రమైనది. దాని విష రూపానికి కాలేయం ఒక చక్కెర ఆమ్లాన్ని తగిలించి, నిరపాయకరం చేసి, పైత్యరసంతో పేగులోకి పంపుతుంది. అక్కడి బాక్టీరియా తమ ఎంజైముతో ఆ తగిలింపును ఊడదీస్తుంది. మందు మళ్ళీ విషమై పేగు పొరను కాలుస్తుంది. ఈ ఇరినోటెకాన్‌ను రూపొందించినది జపాన్‌లోని యాకుల్ట్ సంస్థ, 1935 నుండి లాక్టోబాసిల్లస్ పానీయం అమ్ముతున్న ఆ యాకుల్టే! చరిత్రకు హాస్యప్రియత్వం ఉన్నదనుకోవాలి.

అటువంటప్పుడు బతికిన ప్రోబయోటిక్‌నే ఇవ్వవచ్చు కదా అని మీరడగవచ్చు. కటి భాగపు క్యాన్సర్లకు రేడియేషన్ పొందేవారిలో విరేచనాల నివారణకు లాక్టోబాసిల్లస్ ఉపకరించవచ్చని అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి. కానీ కీమో తరువాత తెల్ల రక్తకణాలు పడిపోయి, పేగు గోడ చిల్లులు పడినట్లున్న రోగిలో ఆ మంచి బాక్టీరియాయే రక్తంలోకి చేరిన సందర్భాలున్నాయి. 2008లో నెదర్లాండ్స్‌లో తీవ్రమైన క్లోమగ్రంథి వాపు రోగులకు ప్రోబయోటిక్ ఇచ్చి చూడగా, ఇచ్చినవారిలో 16 శాతం, ఇవ్వనివారిలో 6 శాతం మరణించారు. వ్యాధి వేరైనా ఆ హెచ్చరికను మరువలేము.

నిర్జీవ తయారీల మీద ఆశ పెరిగినది ఈ నేపథ్యంలోనే. చనిపోయిన కణం రక్తంలో వృద్ధి చెందదు. 2017లో బెల్జియం శాస్త్రజ్ఞులు అక్కర్‌మాన్సియా అనే బాక్టీరియాను పాశ్చరైజ్ చేసి ఎలుకలకిస్తే, బతికినదానికన్నా బాగా పనిచేసింది. అయితే అది స్థూలకాయం, మధుమేహాలకు సంబంధించిన ప్రయోగం. 2021లో నిపుణుల సంఘమొకటి ఇటువంటి తయారీలకు ‘పోస్ట్‌బయోటిక్’ అనే పేరును నిర్వచించింది. కీమో వల్ల కలిగే పేగు వాపు విషయంలో ఆశాజనకమైన ఫలితాలు అధికంగా జంతువులలో వచ్చినవే. నా దృష్టిలో ఇది మంచి దారి, ఇంకా చికిత్స కాదు.

మజ్జిగ పులుసు కాచినప్పుడు బాక్టీరియా చస్తుంది కనుక అదీ పోస్ట్‌బయోటికేనా? కాదు. ఏ సూక్ష్మజీవి, ఎలా చంపారు, రోగికి ఏ మేలు కలిగినది అన్నవి నిరూపితం కావాలని ఆ నిర్వచనం కోరుతుంది. కీమో జరుగుతున్న మీ ఇంటివారికి ప్రోబయోటిక్ క్యాప్సూలు కొనే ముందు ఆంకాలజిస్టును అడగండి. విరేచనాలతో పాటు జ్వరం వస్తే ఇంట్లో వేచి ఉండక, వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి.