పొలాల దాకా వచ్చిన వైద్యం
1960లో థాంక్స్‌గివింగ్ మర్నాడు సీబీఎస్ టీవీ అమెరికన్ల ఇళ్లలోకి ఒక చేదు నిజాన్ని తెచ్చింది. పాత్రికేయుడు ఎడ్వర్డ్ మర్రో సమర్పించిన ‘హార్వెస్ట్ ఆఫ్ షేమ్’ డాక్యుమెంటరీలో కనిపించింది, దేశానికి తిండి పెట్టే పంటలు కోసే వలస కూలీల బతుకు.

రెండేళ్లలో అధ్యక్షుడు కెనెడీ వలస కార్మికుల ఆరోగ్య చట్టంపై సంతకం చేశారు. నిధులు ప్రభుత్వ శాఖలకే కాక, లాభాపేక్ష లేని స్థానిక సంస్థలకూ దక్కాయి. ఆ చట్టం అసలు బలం అదే. పంట వెంట ఊరూరా తిరిగే మెక్సికన్ కూలీ, ఇంగ్లీషు రాకుండా, ఆ రోజు కూలి వదులుకుని ఆస్పత్రికి ఎలా వెళ్తాడు? అందుకే సాయంత్రాలు తెరిచే క్లినిక్‌లు వచ్చాయి. నర్సులు కూలీల శిబిరాలకే వెళ్లారు.

ఆ తర్వాతి కథలో పెద్దపీట ‘ప్రొమోతోరా’లది. వాళ్లు డాక్టర్లు కారు, శిక్షణ పొందిన ఇరుగుపొరుగు ఆడవాళ్లు. తెల్లకోటుకు చెప్పని బాధ వాళ్లకు చెప్పుకోవచ్చు.

ఇదే బాటలో, 1994లో అమెరికా గుండె, ఊపిరితిత్తులు, రక్త వ్యాధుల జాతీయ సంస్థ వాషింగ్టన్ ప్రాంతపు లాటినో సంఘాలతో చేయి కలిపి ‘సలూద్ పారా సు కొరసోన్’ (మీ గుండెకు ఆరోగ్యం) కార్యక్రమం మొదలుపెట్టింది. లాటినోల తిండిని తప్పుపట్టలేదు. వాళ్ల వంటకాలనే ఉప్పు, కొవ్వు తగ్గించి వండుకునే తీరు చెబుతూ, స్పానిష్, ఇంగ్లీషుల్లో వంటల పుస్తకం అచ్చువేసింది.