వాదా మాఫ్ గవాహ్

ఉర్దూలో వాదా మాఫ్ గవాహ్ అంటాం. తెలుగు పత్రికలు అప్రూవర్ అంటాయి. నేరంలో పాలున్నవాడు తోటివాళ్ల మీద సాక్ష్యం చెప్తే మాఫీ ఇస్తామని సర్కారు చేసే వాదా అది. ఆ వాదా ఎవరికి ఎంత దక్కిందో చూస్తే మన చరిత్ర కొంత అర్థమవుతుంది.

1830లలో కంపెనీ సర్కారు థగ్గుల వేటకు దిగింది. జబల్పూర్‌లో స్లీమన్ పట్టుబడ్డవాళ్ల చేతే మిగతావాళ్ల పేర్లు చెప్పించాడు. అంతకుముందు కంపెనీ ఫౌజ్దారీ కోర్టుల్లో ఖాజీలు, ముఫ్తీల ఫత్వా నడిచేది. నేరంలో భాగస్తుడి మాట మీద శిక్ష వేయడానికి వాళ్లు ఒప్పుకునేవారు కాదు. 1836 నాటి 30వ చట్టం థగ్గుల కేసుల్లో ఆ ఫత్వానే తీసేసింది. ఫలానా హత్య చేశాడని తేలనక్కర్లేదు. ముఠా మనిషని రుజువైతే చాలు, యావజ్జీవం.

పేర్లు చెప్పినవాళ్లకు ఉరి తప్పింది, స్వేచ్ఛ రాలేదు. జబల్పూర్‌లోనే కాపలా నడుమ డేరాలు, తివాచీలు చేస్తూ ముసలివాళ్లయ్యారు. ముఠాల్లో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. స్లీమన్ అప్రూవర్లలో పేరుమోసిన ఫిరంగియా బ్రాహ్మణుడు. కానీ నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో అచ్చేసిన నవలలో కథ చెప్పే థగ్గు పేరు అమీర్ అలీ. లోకానికి గుర్తున్నది ఆ పేరే.

1872 సాక్ష్య చట్టం రెండు నాల్కలతో మాట్లాడింది. అప్రూవర్ ఒక్కడి మాట మీద శిక్ష వేసినా తప్పు కాదని 133వ సెక్షన్ అంది. వేరే ఆధారం లేకుంటే అతన్ని నమ్మవద్దని 114వ సెక్షన్ ఉదాహరణ హెచ్చరించింది. 1957లో సర్వన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రెండు పరీక్షలు పెట్టింది: సాక్షి నమ్మదగినవాడు కావాలి, అతని మాటకు బయటి ఆధారమూ ఉండాలి.

మాఫీ పోలీసుల చేతిలో లేదు. కోర్టే, కారణాలు రాసి మరీ ఇవ్వాలి. అప్పటికే బెయిలు మీద లేనివాడు విచారణ ముగిసేదాకా జైల్లోనే ఉండాలి. ఏదైనా దాచినా, అబద్ధమాడినా పాత నేరానికి విచారణ ఎదురవుతుంది, తానిచ్చిన వాంగ్మూలమే తన మీదికి వస్తుంది. అయినా ఇక్కడ ఒక రక్షణ ఉంది. అప్రూవర్ బోనెక్కుతాడు, నిందితుల వకీలు అతన్ని నిలదీయగలడు.

1987 టాడా ఆ కాస్త రక్షణనూ దాటేసింది. ఎస్పీ ముందు చెప్పిన నేరాంగీకారం చెప్పినవాడి మీదా, కలిపి విచారించే సహనిందితుల మీదా సాక్ష్యమైంది. చెప్పినవాడికి మాఫీ లేదు. ఇరుక్కున్నవాడికి అతన్ని ప్రశ్నించే వీలు లేదు. 1995లో టాడా గడువు తీరింది. ఆ పద్ధతి మహారాష్ట్ర మోకా చట్టంలో మిగిలింది.

2024 జూలైలో అమల్లోకొచ్చిన కొత్త సాక్ష్య చట్టం 138వ సెక్షన్‌లో బయటి ఆధారం ఉన్న సాక్ష్యం అనే మాట చేర్చింది. ఆనాడు ముఫ్తీలు పట్టుబట్టిన అనుమానానికి ఇన్నాళ్లకు చట్టంలో కొంత చోటు దొరికింది. పేరు చూసే అనుమానించే కాలంలో పేరొక్కటే ఆధారం కాకూడదని మనం అడుగుతున్నాం. ఇది మన ఒక్కరి కోసం అడిగేది కాదు. బోనులో నిలబడే ఎవరికైనా ఇదే రక్షణ.