కడుపు కేన్సర్ ఒకటే, లెక్కలు మాత్రం రెండు

"కడుపులో కేన్సర్" అని మనం ఒక్క ముక్కలో అనేస్తాం గానీ, మైక్రోస్కోపు కింద చూసేవాళ్లకు అది ఒక్కటి కాదు. 1965లో ఫిన్లాండ్‌లోని తుర్కు ఊళ్లో పెక్కా లౌరెన్ అనే పాథాలజిస్టు 1,344 కేసుల కణజాలం చూసి దాన్ని రెండు రకాలుగా విడదీశాడు. మొదటిది "ఇంటెస్టైనల్" రకం. ఇందులో కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని, పేగు లోపలి పొరలాగా చిన్న చిన్న గొట్టాలు కడతాయి. రెండోది "డిఫ్యూజ్" రకం. ఇందులో కణాలకు ఒకదానితో ఒకటి అంటుకునే జిగురు పోతుంది, దాంతో విడివిడిగా కడుపు గోడలోకి పాకిపోతాయి. కొన్నిటిలో జిగట ద్రవం నిండి, కేంద్రకం ఓ పక్కకు నెట్టుకుపోయి, ముద్ర ఉంగరంలా కనిపిస్తాయి. రిపోర్టుల్లో "సిగ్నెట్ రింగ్" అని రాసేది వీటి గురించే.

ఈ వర్గీకరణతో ఏం లాభం అంటారా? నేను రోజూ లాగ్ ఫైళ్లు చదివి బతికేవాణ్ణి కాబట్టి మన భాషలోనే చెబుతా. రెండు వేరు వేరు ఎర్రర్లను ఒకే కౌంటర్‌లో కలిపి లెక్కపెడితే, ఒకటి తగ్గుతున్నప్పుడు రెండోది పెరిగినా గ్రాఫ్ బాగానే కనిపిస్తుంది. సరిగ్గా ఇదే జరిగింది. 1930ల్లో అమెరికా మగవాళ్లలో కేన్సర్ చావుల్లో మొదటి స్థానం కడుపు కేన్సర్‌ది. తర్వాత ఎవరూ ప్రత్యేకంగా పూనుకోకుండానే అది తగ్గుతూ వచ్చింది. 1971లో నార్వే లెక్కలను రకాల వారీగా విడదీస్తే, తగ్గింది ముఖ్యంగా ఇంటెస్టైనల్ రకమే అని తేలింది. 1973 నుంచి 2000 దాకా అమెరికా లెక్కలు తీస్తే ఇంకా విచిత్రం: ఇంటెస్టైనల్ తగ్గుతుంటే సిగ్నెట్ రింగ్ రకం పెరిగింది!

ఇంటెస్టైనల్ రకం ఎందుకు తగ్గింది? ఇది ఒక్కరోజులో వచ్చేది కాదు. కడుపు పొర ఏళ్ల తరబడి వాచి, పలచబడి, పేగు పొరలా మారి, ఆ తర్వాత కేన్సర్ అవుతుందని 1975లో పెలాయో కొరియా చెప్పాడు. మొదలుపెట్టేది చాలావరకు హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా అని తర్వాత తెలిసింది (దీన్ని కనిపెట్టినందుకు మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది). ఉప్పులో నిలవబెట్టిన తిండి దానికి తోడవుతుంది. ఇళ్లలోకి ఫ్రిజ్ వచ్చింది, ఉప్పు నిలవలు తగ్గాయి, తాజా కూరగాయలు పెరిగాయి, ఇరుకు కొంపలు పోయాయి. మందు లేకుండానే జబ్బు తగ్గింది.

ఇప్పుడు మా కరీంనగర్, ఆదిలాబాద్ వైపు వద్దాం. తొక్కు, ఒరుగులు, ఎండు చేపలు... ఫ్రిజ్ లేని రోజుల్లో మా దిక్కు ఏడాది పొడుగునా తిండి ఇదే. 1970లో సిరిసిల్లలో సహకార విద్యుత్ సంఘం (అందరూ "సెస్" అంటారు) మొదలైంది. దేశంలో ప్రయోగంగా పెట్టిన ఐదు సంఘాల్లో అదొకటి. కరెంటు రాగానే ఫ్రిజ్‌లు రాలేదు లెండి. ముందు బావి మోటర్లు, మరమగ్గాలు నడిచాయి. ఫ్రిజ్ మామూలు ఇళ్లకు చేరడానికి ఇంకో తరం పట్టింది. ఇంటింటికీ నల్లా ఇస్తామని మిషన్ భగీరథ మొదలైంది 2016లో. ఈ బాక్టీరియా ఎక్కువగా అంటుకునేది చిన్నతనంలో, కేన్సర్ బయటపడేది చాలామందిలో యాభై దాటాక. అంటే 2016లో పుట్టిన పిల్లల లెక్క తేలేది 2066 తర్వాతే. ఈ రోజు మా ఊళ్లలో కనిపించే జబ్బు 1960లు, 70ల నాటి ఇళ్లలో, నీళ్లలో మొదలైనది.

మరి ఆ మార్పు మా దగ్గర మొదలైందా? దానికి జిల్లాల వారీగా లెక్క కావాలి. ఐసీఎంఆర్ కేన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం 1981లోనే మొదలైంది. కానీ 2020 నివేదికలో జనాభా ఆధారంగా లెక్కించిన రిజిస్ట్రీ తెలంగాణ నుంచి ఒక్క హైదరాబాద్ జిల్లాదే. ఆ రిజిస్ట్రీలో ఆ జిల్లాలో ఉండేవాళ్లనే లెక్కిస్తారు. మంచిర్యాల నుంచి, జగిత్యాల నుంచి బస్సెక్కి ఎంఎన్‌జే కేన్సర్ ఆస్పత్రికి పోయిన మనిషి పేరు ఆస్పత్రి రికార్డులో ఉంటుంది, జిల్లా జనాభా లెక్కలోకి మాత్రం రాదు. 1955 నుంచీ ఆ ఆస్పత్రి ఉంది. అన్నేళ్ల బయాప్సీ కాగితాల్లో మా ఊళ్ల చరిత్ర కూడా కొంత ఉన్నట్టే కదా!

ఇదంతా పాత కాగితాల మీద మోజుతో చెప్పడం లేదు. ఇంటెస్టైనల్ రకమే ఎక్కువైతే నల్లా నీళ్లు, బాక్టీరియా పరీక్ష, తిండి మార్పు పనిచేస్తాయి. డిఫ్యూజ్ రకం పెరుగుతుంటే వాటి మీదే భరోసా పెట్టుకోలేం. అది చిన్న వయసులోనూ వస్తుంది, గోడ లోపల్లోపలే పాకుతుంది కాబట్టి ఎండోస్కోపీలో ఒక్కోసారి తొందరగా దొరకదు. కొన్ని కుటుంబాల్లో సీడీహెచ్1 అనే జన్యువు ద్వారా తరతరాలకూ వస్తుందని 1998లో న్యూజిలాండ్ మావోరీ కుటుంబాల్లో తేలింది.

కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వస్తే బయాప్సీ రిపోర్టులో ఏ రకమో డాక్టర్ని అడగండి, ఆ కాగితం పారెయ్యకండి. ఒకే ఇంట్లో ఇద్దరికి వచ్చినా, చిన్న వయసులో వచ్చినా ఆ మాట కూడా డాక్టర్ చెవిన వెయ్యండి. ఇక జిల్లాల లెక్కంటారా, అది మన ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, సర్కారు చెయ్యాలి. ఓట్లు అడగడానికి ఊరూరా లిస్టు ఉన్నప్పుడు, జబ్బులకు మాత్రం ఎందుకు ఉండకూడదు? మీరేమంటారు?