చిన్న గేజి చలనచిత్రాలు – మన చెన్నపట్నపు సభలు

చలనచిత్ర చరిత్ర అనగానే మనకు స్టూడియోలు, తారలు, వందరోజుల ఆటలు గుర్తుకు వస్తాయి. ఇంత పెద్ద పరిశ్రమ పెరిగిన చెన్నపట్నంలో కాపురముంటున్న మనం అలా తలచుకోవడంలో వింత లేదు. కాని ఈ చరిత్రకు మరొక పక్క కూడా వున్నది. జీతానికి గాక ముచ్చట కొద్దీ నాటకమాడినవారు, యంత్రం తిప్పినవారు, కెమెరా పట్టినవారు ఆ పక్కన వున్నారు. వారు యెవరి సాంగత్యంలో నేర్చుకున్నారు, తమ పనిని యెవరి యెదుట వుంచారు, ఆ కథ నేడు సెల్‌ఫోనుతో బొమ్మలు తీసే మన పిల్లలకు యెట్లా పనికివస్తుంది అన్న సంగతులను ఈ ఉగాది సంచిక పాఠకులకు మనవి చేయడమే నా వుద్దేశం.

సెంట్రల్ స్టేషనుకూ రిప్పన్ భవనానికీ నడుమ యెర్రగా కనిపించే విక్టోరియా పబ్లిక్ హాలును మనలో చూడనివారు వుండరు. దానికి 1883లో శంకుస్థాపన చేసినవారు విజయనగరం మహారాజా ఆనంద గజపతిరాజుగారు. 1891లో బళ్ళారి నుండి సరస వినోదినీ సభ వారు ఈ హాలుకు వచ్చి తెలుగు నాటకాలు ప్రదర్శించారు. ఆ సభకు నాయకులు ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు. వృత్తి చేత వకీలు. చదువుకొన్న పెద్దమనుషులు, పొట్టకూటికి గాక కళాభిమానం చేత వేషం కట్టడం ఆనాటి మదరాసు వారికి కొత్త. ప్రేక్షకులలో పమ్మల్ సంబంధ మొదలియారు అనే విద్యార్థి వున్నాడు. ఆయన ఆ ప్రదర్శనలు చూసి, అదే సంవత్సరం మిత్రులను కూడగట్టి సుగుణ విలాస సభను స్థాపించాడు. తమిళ నాటకరంగాన్ని మార్చిన ఆ ఔత్సాహిక సభకు ప్రేరణ మన తెలుగు నాటకాలే అన్నది మనం గర్వంగా చెప్పుకోదగ్గ మాట.

అదే హాలులో 1896 డిసెంబరులో స్టీవెన్సన్ అనే ఆయన కదిలే బొమ్మలు చూపించాడు. ఆయన మదరాసులో ఫొటోగ్రఫీ సామాను అమ్మే దుకాణం యజమాని. కెమెరాలతో పరిచయం వున్నవాడే ఈ కొత్త వింతను ముందుగా పట్టుకొన్నాడన్నమాట.

రైల్వే గుమాస్తానైన నాకు అన్నిటికంటె ప్రీతికరమైన కథ సామికన్ను విన్సెంటుగారిది. ఆయన తిరుచిరాపల్లిలో సౌత్ ఇండియన్ రైల్వే ఆఫీసులో చిరుద్యోగి. 1905లో డ్యుపాంట్ అనే ఫ్రెంచివాడు ఆ వూళ్ళో బొమ్మలు ప్రదర్శిస్తూ, ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్ళదలచాడు. విన్సెంటుగారు డబ్బు కూడబెట్టి అతని యంత్రాన్నీ, ఫిల్ములనూ కొన్నారు. వుద్యోగం వదలుకొని డేరా వేసుకొంటూ వూరూరా తిరిగారు. రైలు పట్టాలు వెళ్ళిన చోటికల్లా ఆయన డేరా వెళ్ళింది. చివరకు కోయంబత్తూరులో వెరైటీ హాలు కట్టించి స్థిరపడ్డారు. నెలజీతపు మనిషి ఇంత సాహసం చేయడానికి యంత్రం ఒక్కటే చాలలేదు. దాన్ని నడపడం చేతనైనవాడు కంటబడాలి, ఆ విద్య చెప్పాలి.

మన రఘుపతి వెంకయ్యగారి సంగతి పాఠకులకు విదితమే. మచిలీపట్నంలో పుట్టి, మదరాసులో ఫొటో స్టూడియో నడిపిన ఆయన 1909–10 ప్రాంతంలో క్రోనోమెగాఫోను అనే యంత్రం తెప్పించారు. బొమ్మతో పాటు గ్రామఫోను శబ్దం వినిపించే యంత్రమది. దానితో దేశాలు తిరిగివచ్చి 1914లో గెయిటీ థియేటరు కట్టించారు. మదరాసులో భారతీయుడు కట్టించిన మొదటి సినిమాహాలు అదే. కుమారుడు ప్రకాశ్‌ను విదేశాలకు పంపి చిత్రనిర్మాణం నేర్పించారు. తండ్రీకొడుకులు 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. ఆ స్టూడియోలో పని నేర్చినవారిలో చిత్తజల్లు పుల్లయ్యగారు ఒకరు. ఆయన కాకినాడకు తిరిగివెళ్ళి, 1920ల మధ్యలో తమ ఇంటి ఆవరణలోనే ‘మార్కండేయ’ తీసి, యముడి వేషం తామే వేశారు. పెరట్లో సినిమా తీయడం నేటి కుర్రవాళ్ళ వింత అని యెవరైనా అంటే ఈ సంగతి చెప్పవచ్చు.

మోటారు విడిభాగాల వ్యాపారి నటరాజ మొదలియారుగారిది కూడా ఇదే దారి. పూనాలో స్టూవర్ట్ స్మిత్ అనే ఇంగ్లీషు కెమెరామాన్ వద్ద మెలకువలు తెలుసుకొని, కీల్పాకులో స్టూడియో పెట్టి, 1917–18లో ‘కీచక వధం’ తీశారు. దక్షిణాదిలో కథాచిత్రానికి అది నాంది. ఆ కథను సూచించినవారు యెవరనుకొన్నారు? పమ్మల్ సంబంధ మొదలియారుగారే. రచనలో తోడ్పడినవారు సుగుణ విలాస సభ నటుడూ, వకీలూ అయిన రంగవడివేలుగారు. అనగా, 1891లో బళ్ళారి వకీళ్ళు వెలిగించిన దీపం కాలుశతాబ్దం తరువాత తెరమీద వెలుగు చూపింది. ఒక సభలో పుట్టిన స్నేహం ఇంత దూరం ప్రయాణం చేయగలదు.

ఇక చిన్న కెమెరాల విషయం. రైల్వేవాణ్ణి గనుక గేజిల భాషలోనే చెబుతాను. మన బ్రాడ్ గేజి పట్టాల నడుమ దూరం అయిదడుగుల ఆరంగుళాలు. మీటరు గేజికి పేరే కొలత. పెద్ద గేజి నగరాలను కలిపితే, ఖర్చు తక్కువైన చిన్న గేజి లోపలి వూళ్ళకు వెళ్ళగలిగింది. ఫిల్ములోనూ అంతే. వృత్తివారి ఫిల్ము 35 మిల్లీమీటర్లు. ఆనాడు అది నైట్రేటుతో చేసినది, నిప్పు తగిలితే ఆరదు. ఇంట్లో పెట్టుకోదగినది కాదు. 1922లో ఫ్రాన్సులో పాథే కంపెనీ 9.5 మిల్లీమీటర్లది, 1923లో అమెరికాలో కొడాక్ కంపెనీ 16 మిల్లీమీటర్లది, సులభంగా అంటుకోని ఫిల్ముతో విడుదల చేశాయి. తీసిన ఫిల్మునే కడిగి నేరుగా తెరమీద చూపే పద్ధతి రావడంతో వేరే ప్రతి తీయించే ఖర్చు తప్పింది. 1932లో 8 మిల్లీమీటర్లది వచ్చింది. 16 మిల్లీమీటర్ల చుట్టనే ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి, కడిగిన పిమ్మట నిలువునా చీల్చేవారు. 25 అడుగుల చుట్టకు సుమారు నాలుగు నిమిషాల బొమ్మ. 1965లో సూపర్ 8 డబ్బీ వచ్చాక ఫిల్ము యెక్కించే శ్రమ కూడా పోయింది. అయినా మన దేశంలో ఇది చాలాకాలం కలిగినవారి ముచ్చటగానే వుండిపోయింది.

కెమెరా ఇంటికి వచ్చిన వెంటనే మరొక అవసరం పుట్టింది. తీసిన బొమ్మ బాగుందో లేదో చెప్పేవారు యెవరు? ఇంట్లోవారు తమ ముఖం కనబడితే చాలు, బాగుందంటారు. 1926లో న్యూయార్కులో హైరమ్ పెర్సీ మాక్సిమ్ అనే ఇంజనీరు అమెచ్యూర్ సినిమా లీగును స్థాపించాడు. అంతకుముందు 1914లో రేడియో ఔత్సాహికులకు సంఘం కట్టినవాడూ ఆయనే. లీగు వారు ‘మూవీ మేకర్స్’ అనే మాసపత్రిక నడిపారు. సభ్యులు పంపిన చిత్రాలను చూసి గుణదోషాలు వ్రాసి పంపేవారు. యేటా పది ఉత్తమ చిత్రాలను యెంచేవారు. 1954లో ఆ లీగు మరొక ఫొటోగ్రఫీ సంఘంలో కలిసిపోయింది. 1932లో పుట్టిన బ్రిటిషు ఔత్సాహికుల సంస్థ మాత్రం నేటికీ సాగుతున్నది. మన దేశంలో 1937లో బొంబాయిలో అమెచ్యూర్ సినీ సొసైటీ వెలసింది. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మొదలైనవారు కలకత్తా ఫిల్మ్ సొసైటీని ప్రారంభించారు. అప్పటికి రాయ్ ఒక ప్రకటనల కంపెనీలో వుద్యోగి. 1959లో ఫిల్మ్ సొసైటీల సమాఖ్య యేర్పడినప్పుడు మన మదరాసు ఫిల్మ్ సొసైటీ కూడా అందులో చేరింది. అమ్ము స్వామినాథన్‌గారు సమాఖ్య పెద్దలలో ఒకరు. ఈ సొసైటీలు ముఖ్యంగా చూడడం నేర్పాయి. చూడడం రానివానికి తీయడం రాదు.

మన కాలానికి వస్తే, 2009లో ఒక తమిళ టెలివిజను ఛానలు ‘నాళైయ ఇయక్కునర్’ అనే లఘుచిత్రాల పోటీ ప్రారంభించింది. సాఫ్ట్‌వేరు వుద్యోగం చేసిన కార్తీక్ సుబ్బరాజ్, నలన్ కుమారస్వామి, బాలాజీ మోహన్ వంటివారు అందులో తమ చిన్న చిత్రాలను పెద్దల యెదుట వుంచి, తప్పొప్పులు చెప్పించుకొన్నారు. బాలాజీ మోహన్ లఘుచిత్రమే పెద్ద సినిమాగా పెరిగి, 2012లో తెలుగులో ‘లవ్ ఫెయిల్యూర్’ అన్న పేరుతో వచ్చింది.

నేడు కెమెరా ప్రతి జేబులోనూ వున్నది. కొరత మంచి సాంగత్యానికే. ఏ సంఘంలో చేరాలని పిల్లలు అడిగితే పై చరిత్రను బట్టి నాకు తోచిన గుర్తులు ఇవి. అక్కడ ఒకరి చిత్రాన్ని మిగిలినవారు చివరిదాకా చూస్తారా? లోపం కనబడితే మర్యాదగా, కారణంతో సహా చెబుతారా? అనుభవం గలవారు చేతిలోని విద్యను దాచకుండా నేర్పుతారా? మాటలన్నీ కొత్త కెమెరాల ధరల చుట్టూ తిరుగుతున్నా, వచ్చినవానికి యేదో ఒకటి అమ్మజూపుతున్నా, ప్రతి చిత్రానికీ ‘అద్భుతం’ అన్న మాటే వినబడుతున్నా అక్కడ కాలం వృథా. పదిమందే వున్నా నెల నెలా తప్పక కలుసుకొనే సంఘం మేలు.

సంఘానికి ఇంకొక ధర్మం కూడా వున్నది; అది కాపాడడం. ‘కీచక వధం’ నేడు లేదు. ‘భీష్మ ప్రతిజ్ఞ’ లేదు. తీసినవారు ఘనులే, దాచే యేర్పాటు ఆనాడు లేదు. జాతీయ ఫిల్ము భాండాగారం పూనాలో 1964లో గాని వెలయలేదు. మన ఇళ్ళలోనూ ఇదే జరుగుతున్నది. ఉద్యోగరీత్యా వూళ్ళు వదలి వచ్చినవారం మనం. వూరి ఇల్లు అమ్ముడుపోయి వుండవచ్చు. ఆ ఇంటి అరుగుమీద కూర్చున్న తాతగారు మాత్రం యే పెళ్ళి వీడియో క్యాసెట్టులోనో ఇంకా కదులుతున్నారు. ఆ క్యాసెట్టు ఆడించే యంత్రాల తయారీ 2016లోనే ఆగిపోయింది. టేపు బూజు పడితే ఆ ముఖంతో పాటు ఆ యాస కూడా పోతుంది. మన పిల్లలలో చాలామందికి తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. వారికి అమ్మమ్మ మాట అందవలసిన దారి ఇదే గదా!

కొన్ని దేశాలలో యేటా ఒకరోజు ఇంటి చిత్రాల దినం జరుపుతున్నారు. ఇరుగుపొరుగువారు తమ పాత చుట్టలు తెచ్చి అందరూ కలిసి చూస్తారు. జాగ్రత్త చేసే పద్ధతి తెలిసినవారు సలహా ఇస్తారు. మన సంఘం కూడా పంచాంగ శ్రవణం, పద్యపఠనం, విందులతో పాటు సంవత్సరానికి ఒక సాయంత్రాన్ని ఇందుకు కేటాయించవచ్చు. పెద్దలు పాత క్యాసెట్లు తేవాలి. వాటిని కంప్యూటరులోకి యెక్కించే పని కుర్రవారు చూసుకోవాలి. ఆపైన వారు తీసిన అయిదు నిమిషాల చిత్రాన్ని పెద్దలు ఓపికగా చూసి నిజం చెప్పాలి. నాటకాలు చూపించి పొరుగు భాష వారికి సభ కట్టుకోవడం నేర్పిన వారసత్వం మనది. ఆ పని మన ఇంటి పిల్లల కోసం చేయలేమా? కార్యవర్గం వారు ఈ కొత్త సంవత్సరంలో ఈ విషయం ఆలోచింతురుగాక.